వై-ఫై రక్షణ విధానం

పాత, కొత్త పరికరాలు ఒకే యాక్సెస్ పాయింట్ కింద పనిచేసేలా చూసే ఏర్పాటు. 1999 నాటి 802.11బి పరికరాల గరిష్ఠ వేగం సెకనుకు 11 మెగాబిట్లు. 2003లో వచ్చిన 802.11జి ప్రసారాలు వాటికి అర్థం కావు. ఛానల్ ఖాళీగా ఉందనుకుని మధ్యలో దూరే ప్రమాదం ఉంది. అందుకే బి పరికరం చేరగానే యాక్సెస్ పాయింట్ తాను తరచూ పంపే బీకన్ సందేశంలో ఆ సంగతి ప్రకటిస్తుంది. ఇక జి పరికరాలు ముందుగా పాత వేగంలో చిన్న సీటీఎస్ (క్లియర్ టు సెండ్) సందేశం పంపి, ఆపైనే డేటా పంపుతాయి. ఢీకొనడం తప్పుతుంది గానీ అందరి వేగమూ తగ్గుతుంది.

అసలు నష్టం వేరే చోట ఉంది. మామూలు వై-ఫై వంతులను సమానంగా పంచుతుంది, సమయాన్ని కాదు. 1,500 బైట్లు పంపడానికి 54 మెగాబిట్ల వేగంలో పావు మిల్లీసెకను చాలు. 1 మెగాబిట్ వేగంలో 12 మిల్లీసెకన్లు కావాలి, అంతసేపూ మిగతావి ఆగాల్సిందే. అందుకే బి పరికరాలు మిగలని చోట 1, 2, 5.5, 11 మెగాబిట్ల వేగాలను ఆపేయడమే మేలు.