ఉయ్యూరు బిడ్డ - జంట ఆట

విజయవాడ నుండి బందరు పోవు రోడ్డు మీద కంకిపాడు దాటిన తరువాత ఉయ్యూరు వచ్చును. చెరకు తోటలకును చక్కెర కర్మాగారమునకును పేరు పడిన ఊరు. గానుగ ఋతువులో ఆ దారిన ప్రయాణము చేసినవారికి చెరకు బండ్ల వరుసలును, గాలిలో తేలివచ్చు తీపి వాసనయు జ్ఞాపకముండక మానవు. టెన్నిసు ఆటకు మాత్రము ఆ ఊరు ప్రసిద్ధి కాదు. అయినను 1987 అక్టోబరు 19వ తేదీన అక్కడ జన్మించిన సాకేత్ మైనేని భారతదేశము తరపున రెండు ఆసియా క్రీడోత్సవములలో పాల్గొని మూడు పతకములు సంపాదించినాడు. ఆ మూడును డబుల్సులోనే, అనగా జంట ఆటలోనే.

జంట ఆటను గురించి మనలో ఒక చిన్నచూపు ఉన్నది. ఒంటరిగా నిలిచి గెలిచినవాడే వీరుడనియు, పక్కన తోడున్నవాని గెలుపు సగము గెలుపే అనియు భావింతుము. ఇది న్యాయము కాదని నా అభిప్రాయము. సింగిల్సు కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్సుకు 36. పెరిగినది తొమ్మిది అడుగులే గాని, అందులో నిలుచువారు రెట్టింపగుదురు. అందుచేత బంతిని బలముగా కొట్టుట కంటె ఎక్కడ కొట్టవలయునో తెలియుట ముఖ్యము. తన తోడివాడు ఎటు కదలునో చూడకయే గ్రహింపవలయును. బందరులో చదువు చెప్పిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు, తమ జంట కవి దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు 1920లో గతించిన తరువాత కూడ, తాము వ్రాసినవాటిని ఇద్దరి పేర్ల మీదనే ప్రకటించినారు. అటువంటి జత టెన్నిసులో అరుదు. అక్కడ భాగస్వామి వారము వారము మారవచ్చును.

ఈ ఆటలో మన దేశమునకు మంచి వారసత్వమే ఉన్నది. 1966లో మెల్బోర్నులో జరిగిన డేవిస్ కప్పు తుది పోటీలో ఆస్ట్రేలియా మనలను 4-1తో ఓడించినప్పుడు, మనకు దక్కిన ఆ ఒక్క విజయము డబుల్సుదే; రామనాథన్ కృష్ణన్, జయదీప్ ముఖర్జీ కలిసి న్యూకోంబ్, రోచ్ జంటను ఓడించినారు. 1999లో లియాండర్ పేస్, మహేశ్ భూపతి ఫ్రెంచి, వింబుల్డన్ బిరుదులు రెండును గెలిచినారు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2015 ఏప్రిలులో మహిళల డబుల్సులో ప్రపంచ ప్రథమ స్థానమునకు చేరి, 91 వారములు అక్కడ నిలిచినది.

సాకేత్ కథ ఇంత వెలుగుగా ఆరంభము కాలేదు. అతడు అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమునకు ఆడి, పిదప వృత్తి టెన్నిసులోనికి వచ్చినాడు. ఆరడుగులకు మించిన పొడవు, దానికి తగిన సర్వీసు, ఇవి అతని మూలధనము.

2014 సెప్టెంబరులో కొరియాలోని ఇంచియాన్ నగరమున ఆసియా క్రీడోత్సవములు జరిగినవి. మిశ్రమ డబుల్సులో అతనికి జోడీ సానియా. ఆమె ఆ నెలలోనే బ్రెజిలు ఆటగాడు బ్రూనో సోరెస్‌తో కలిసి అమెరికన్ ఓపెన్ మిశ్రమ డబుల్సు గెలిచి వచ్చినది. సాకేత్ నాటికి పెద్ద పోటీలలో పేరు లేనివాడు. అట్టి జంటలో చిన్నవానికి భారము ఎక్కువ. ప్రతి బంతియు తన వైపే వచ్చును. తుది పోటీలో వారు చైనీస్ తైపే జంటను 6-4, 6-3 తో ఓడించి స్వర్ణము గెలిచినారు. ఆ సంవత్సరము జూను 2వ తేదీననే రాష్ట్రము రెండైనది. నాలుగు మాసములు తిరుగక మునుపే హైదరాబాదు అమ్మాయియు కృష్ణా జిల్లా అబ్బాయియు వలకు ఒకే వైపున నిలిచి ఆడినారు.

ఆ క్రీడలలోనే పురుషుల డబుల్సులో సనమ్ సింగ్‌తో కలిసి సాకేత్ రజతము పొందినాడు. తుది పోటీలో ఎదిరి జంట కొరియా యువకులు, లిమ్ యోంగ్‌క్యూ, చుంగ్ హ్యోన్. ఆసియా క్రీడల స్వర్ణము సాధించినవారికి ఆ దేశములో నిర్బంధ సైనిక సేవ నుండి మినహాయింపు లభించును. ప్రాణము పెట్టి ఆడుట అనగా ఏమో అట్టివారి ఎదుట నిలిచినవారికే తెలియును. 5-7, 6-7 తో మనవారు ఓడినారు.

2016 అతని సింగిల్సు జీవితమునకు శిఖరము. అమెరికన్ ఓపెన్‌లో అర్హత పోటీలు మూడును గెలిచి ప్రధాన పోటీలో ప్రవేశించినాడు. చెక్ దేశీయుడు వెసెలీతో అయిదు సెట్లు పోరాడి, అయిదవ సెట్టులో మ్యాచి పాయింటు వరకు వచ్చి, కండరములు పట్టుకొనగా ఓడిపోయినాడు. ఆ తరువాత సెప్టెంబరులో ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్పు పోటీ. పేస్‌తో జత కట్టి నడాల్, మార్క్ లోపెజ్ జంటను ఎదుర్కొన్నాడు. వారు అంతకు ముందు నెల రియో ఒలింపిక్సులో స్వర్ణము గెలిచినవారు. మొదటి సెట్టు 6-4 తో మనదే. తరువాతి మూడును వారివి. 2017లో అర్జున పురస్కారము లభించినది గాని, గాయములు అతనిని వెంటాడినవి.

ఇక్కడ ఆటగాని బ్రతుకును గురించి ఒక మాట. గ్రాండ్ స్లామ్ పోటీలకు క్రింద ఛాలెంజర్ అను శ్రేణి ఉన్నది. వారమునకొక ఊరు, చిన్న బహుమతి, దానిలో సగము తోడివానిది. ప్రయాణపు ఖర్చులో మాత్రము సగము లేదు. పోటీలో ప్రవేశము ఇద్దరి ర్యాంకులు కలిపి చూచి ఇత్తురు. కనుక తాను ఎంత బాగుగ ఆడినను తోడివాడు వెనుకబడినచో గేటు బయటనే నిలువవలసి వచ్చును. మన పల్లెలలో బండ లాగుడు పోటీలు చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఒక ఎద్దు తప్పటడుగు వేసిన కాడి రెండవదాని మెడ మీదనే పడును.

2022లో సాకేత్‌కు సరియైన జోడు దొరికినది. యూకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర విజేత. గాయముల వలన అతడును సంవత్సరములు పోగొట్టుకొన్నవాడే. సింగిల్సులో దెబ్బ తిన్న ఈ ఇద్దరును కలిసి ఆ ఒక్క సంవత్సరములో ఆరు ఛాలెంజర్ బిరుదులు గెలిచినారు. ముప్పదినాలుగు దాటిన వయసులో సాకేత్ డబుల్సు ర్యాంకులలో తొలి నూరుగురిలో చేరినాడు.

2022లో జరుగవలసిన ఆసియా క్రీడలు 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగినవి. ఈసారి జోడు తమిళ యువకుడు రామ్‌కుమార్ రామనాథన్. సెమీ ఫైనల్సులో కొరియా జంటతో చెరి యొక సెట్టు అయిన పిమ్మట, నిర్ణయాత్మకమైన టై బ్రేకును మనవారు 10-0 తో ముగించినారు! తుది పోటీలో తైపే జంట చేతిలో ఓడి రజతముతో తిరిగి వచ్చినారు.

1964 తరువాత మన డేవిస్ కప్పు జట్టు పాకిస్తానుకు పోలేదు. 2024 ఫిబ్రవరిలో ఇస్లామాబాదులో ఆ పోటీ జరిగినది. మొదటి రోజు రెండు సింగిల్సులును మనవే. రెండవనాడు యూకీ, ముప్పదియారేండ్ల సాకేత్ కోర్టు మీదికి వచ్చినారు. మొదటి సెట్టు 6-2 తో సులువుగనే దక్కినది. రెండవది టై బ్రేకు దాక పోయినది. అదియు గెలిచిన క్షణమున 3-0 తో పోటీ భారతదేశపు వశమైనది.