బొటనవేలు తీసుకునే క్రియ

అమెరికాలో పశువుల మీదికి తాడు విసిరే ఆటగాళ్లలో బొటనవేలు తెగినవాళ్లు అక్కడక్కడా కనిపిస్తారు. ఆ ప్రమాదం తెచ్చిపెట్టే తాడుచుట్టు పేరు వెనక ఒక స్పానిష్ క్రియ దాగుందని తెలిశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

ఉచ్చు దూడ మెడలో పడగానే తాడు రెండో కొసను జీను కొమ్ముకు గబగబా చుట్టాలి. ఆ చుట్టు పేరు ‘డాలీ’. తాడుకూ కొమ్ముకూ మధ్య వేలు ఇరుక్కుంటే అంతే సంగతులు. ఇంగ్లిష్‌లో కాలయాపనకూ ‘డాలీ’ అనే మాటే ఉంది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది మెక్సికన్ పశువుల కాపర్ల కేక, ‘దాలె బుయెల్తా’, అంటే ‘చుట్టు వెయ్యి’. ఇంగ్లిష్ చెవులు దాన్ని ‘డాలీ వెల్టర్’గా విని, చివరికి సగం పారేశాయి.

మిగిలిన సగంలో ఉన్న క్రియ ‘దార్’. నిఘంటువులో మొదటి అర్థం ఇవ్వడం. వాడుకలో మాత్రం మన ‘వేయు’ అంత పనిమంతురాలు. భయం వేసినా, కేక వేసినా, అడుగు వేసినా దారే. గడియారం మూడు కొట్టినా, తల్లి బిడ్డను కన్నా అదే. లాటిన్ ‘దారె’ దీని తల్లి. సంస్కృతం ద్వారా మనకొచ్చిన ‘దానం’ దూరపు బంధువు. రోము నుంచి మెక్సికో దాకా ఉన్న శతాబ్దాలను ఒక్క అంగలో దాటేస్తాను, ఎందుకంటే నా మనసంతా కాలిఫోర్నియాలో ఉంది.

1769లో శాన్‌డియాగోలో మొదటి స్పానిష్ క్రైస్తవ మిషన్ వెలిసింది. 1820ల నుంచి 1840ల దాకా అక్కడ పశువే సంపద. బోస్టన్ ఓడలు తోళ్ల కోసం వచ్చేవి. ఆ తోళ్లకు ‘కాలిఫోర్నియా నోట్లు’ అని పేరు. 1834లో అలాంటి ఓడెక్కిన రిచర్డ్ హెన్రీ డానా తన అనుభవాలను పుస్తకంగా రాశాడు. మందలను కాసిన ‘వాకేరో’లలో చాలామంది మిషన్లలోని స్థానిక ఆదివాసులు. పచ్చితోలును సన్నగా చీల్చి, పాయలుగా అల్లి, అరవై అడుగుల ‘రియాటా’ చేసేవారు. ఒక్కసారిగా కుదిపితే ఆ తాడు తెగుతుంది. అందుకే ముడి వేయకుండా చుట్టు వేసి, పశువు లాగేకొద్దీ కాస్త కాస్త జారనిచ్చేవారు. టెక్సస్‌వాళ్లు తాడును కొమ్ముకే కట్టేసి బలాబలాలు తేల్చుకునేవారు. నా ఓటు వాకేరోలకే. వాళ్లు ఆ తోలుతాడుతో గ్రిజ్లీ ఎలుగుబంట్లనే పట్టారు మరి!

ఇలాగే ఇంగ్లిష్‌లోకి దూకిన స్పానిష్ మాటలు ఇంకా ఉన్నాయి. ‘రోదెయార్’ అంటే చుట్టుముట్టడం. ముద్రలు చూసి ఎవరి పశువులను వాళ్లు వేరు చేసుకోవడానికి మందలను కూడదోలే పని, ‘రోడియో’ అనే ఆటయింది. నేటి రోడియోలో మనుషులను ఎత్తి పారేసే బ్రాహ్మన్ ఎద్దుల వంశంలో మన ఒంగోలు రక్తమూ ఉంది. ‘వామోస్’, అంటే పోదాం పదండి, ‘వమూస్’ అయి ఉడాయించడానికి పనికొచ్చింది. ‘వాకేరో’ ఏమో ‘బకరూ’ అయ్యాడు.

మాటలు బతికాయి, మనుషులు చితికిపోయారు. 1848లో కాలిఫోర్నియా అమెరికా చేతికొచ్చింది. 1851 చట్టం పాత భూస్వాములను హక్కులు రుజువు చేసుకోమని కోర్టులకు తిప్పింది. 1863-64 కరువు మందలను ఊడ్చేసింది. గ్రిజ్లీ ఎలుగుబంటి 1924 తర్వాత ఆ రాష్ట్రంలో కనబడలేదు. జెండా మీద మాత్రం నడుస్తోంది. రియాటా స్థానంలో నైలాను వచ్చింది. సినిమాలు కథానాయకుడి టోపీని తెల్లవాడికిచ్చి, వాకేరోను పక్కకు నెట్టాయి.

ఒక్కచోట మాత్రం లెక్క సరిపోయింది. 1830లలో హవాయి రాజు మూడో కమేహమేహ, పశువులను పట్టడం నేర్పించడానికి వాకేరోలను పిలిపించుకున్నాడు. అక్కడి కాపరులకు ‘పనియోలో’ అనే పేరు ‘ఎస్పన్యోల్’ నుంచే వచ్చింది. 1908లో ఇకువా పర్డీ అనే పనియోలో వ్యోమింగ్ వెళ్లి, షయెన్ రోడియోలో ఎద్దులకు తాడు వేసే పోటీ గెలిచాడు. గురువుల పేర్లు పట్టించుకోని దేశం, శిష్యుడి పేరు విజేతల పట్టీలో రాసుకోక తప్పలేదు.