రెండోసారి చూసిన సముద్రం

జేమ్స్ కామెరాన్ తీసిన 'అవతార్: ద వే ఆఫ్ వాటర్' 2022 డిసెంబరు 16న విడుదలైంది. 2009లో వచ్చిన 'అవతార్'కి ఇది రెండో భాగం. బరంపురంలో స్నేహితులతో కలిసి మొదటిసారి హిందీలో చూశాను. మూడు గంటల పన్నెండు నిమిషాలు ఎలా గడిచాయో తెలీలేదు. తుల్కున్ అనే తిమింగలం లాంటి జీవిని ఓడవాళ్లు వేటాడే చోట మేమంతా ఈలలు వేశాం.

సంక్రాంతి సెలవులకి విశాఖపట్నంలో మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు అదే సినిమా తాతయ్యతో కలిసి తెలుగులో చూశాను. తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. మా తాతయ్య ఋషికుల్య మొగ దగ్గర పల్లెలో నలభై ఏళ్లు చేపల వేట చేసిన మనిషి. బిడ్డను వదిలి పారిపోలేని తల్లి తుల్కున్‌ని ఈటెలతో కొట్టి, తలలోంచి ఒక ద్రవం తీసుకుని, మిగతా శరీరాన్ని వదిలేస్తారు. ముసలితనం రాకుండా ఆపే ఆ ద్రవానికి సినిమాలో పేరు 'అమృత'. అక్కడ తాతయ్య త్రీడీ కళ్లద్దాలు తీసేశాడు. "ఇది వేట కాదురా. నిజంగా ఇలాగ సంపినారేట్రా?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను.

నిజంగానే చంపారు. స్పెర్మ్ తిమింగలం తలలో మైనం లాంటి నూనె ఉంటుంది. కొవ్వొత్తులకీ దీపాలకీ దాని కోసం 18, 19 శతాబ్దాల్లో అమెరికాలోని నాన్‌టకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ రేవుల నుంచి ఓడలు బయలుదేరేవి. 1850లలో చార్లెస్ స్కామన్ అనే కెప్టెన్ మెక్సికో తీరంలో, బూడిదరంగు తిమింగలాలు పిల్లల్ని కనే ఉప్పుకయ్యల్లోకే వెళ్లి వేటాడాడు. పిల్లల కోసం తల్లులు ఎదురు తిరిగితే, వేటగాళ్లు వాటికి 'దెయ్యం చేప' అని పేరు పెట్టారు. సినిమాలో ఓడ కెప్టెన్ పేరు స్కోర్స్‌బీ. అదే ఇంటిపేరుతో విలియం స్కోర్స్‌బీ అనే ఇంగ్లీషు తిమింగల వేటగాడు నిజంగా ఉండేవాడు.

1859లో పెన్సిల్వేనియాలో పెట్రోలియం బావి తవ్వాక దీపాలకి కిరోసిన్ వచ్చింది. అయినా వేట ఆగలేదు. నార్వేకి చెందిన స్వెన్ ఫోయిన్ 1870 ప్రాంతంలో పేలుడు ఈటె తయారుచేశాడు. ఆవిరి ఓడలూ వచ్చాయి. 20వ శతాబ్దం ఒక్కదానిలోనే దాదాపు 29 లక్షల తిమింగలాలు చనిపోయాయని లెక్క. చివరికి 1982లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం వ్యాపార వేటను ఆపాలని తీర్మానించింది. 1986 నుంచి అది అమలైంది.

ఇదంతా తాతయ్యకి చెప్పాను. "మంచి పనే" అన్నాడు. కాసేపాగి, "మరి మనకి?" అన్నాడు.

ఆ మాట నాకు అర్థమైంది. మా తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. వాటి కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఋషికుల్య మొగ ప్రాంతంలో 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ట్రాలర్ల వలల్లో పడి తాబేళ్లు ఊపిరాడక చస్తాయి, కాబట్టి నిషేధం అవసరమే. తాతయ్య కూడా తాబేలుకి దండం పెట్టి నీళ్లలో వదిలేవాడే. కానీ ఏడు నెలలు పడవ ఒడ్డునే ఉంటే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

తిమింగలాల్ని చంపినవాళ్లు దూరదేశాల దీపాల కోసం చంపారు. మా పల్లెవాళ్లు రోజు కూడు కోసం వల వేస్తారు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకూడదని నాకు అనిపించింది. తాబేలుని కాపాడే చట్టం, ఆ ఏడు నెలలూ పడవవాడిని కూడా చూసుకోవాలి.

మొదటిసారి నేను ఈల వేసింది తల్లిని కొట్టిన చోటే. ఆ సంగతి తాతయ్యకి ఇంకా చెప్పలేదు.