ఉయ్యాల పాటలో దొర కథ

నల్లగొండ పల్లెల్లో ఆడవాళ్లకు కథ ఆడటం కొత్త కాదు, రంగస్థలమే కొత్త. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఒకామె చరణం ఎత్తుకుంటే, మిగతావాళ్లు వంగి చప్పట్లు చరుస్తూ ‘ఉయ్యాలో’ అని అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు కథ తెలిస్తే చాలు. సీతమ్మ కష్టాలు ఎంతసేపు సాగుతాయో, దొర ఆగడాలూ అంతసేపు సాగుతాయి.

ఈ వీలును మల్లు స్వరాజ్యం గట్టిగా పట్టుకున్నారు. 1931లో కరివిరాల కొత్తగూడెంలో భూస్వాముల ఇంట పుట్టిన ఆమె, వెట్టికి వ్యతిరేకంగా ఊరూరా తిరుగుతూ ఉయ్యాల పాటలు కట్టి పాడారు. ఉపన్యాసానికి గడప దాటని ఆడవాళ్లు పాటకు వచ్చి నిలబడ్డారు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో రాజక్క పేరుతో దళంలో తిరిగిన ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలన్నారు. 1978, 1983 ఎన్నికల్లో తుంగతుర్తి ఆమెనే అసెంబ్లీకి పంపింది.

మగవాళ్ల చేతిలోని కళలూ అప్పుడే మారుతున్నాయి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి తిప్పారు. కోస్తాలో ప్రజానాట్యమండలి తరఫున మోటూరి ఉదయం బృందం బుర్రకథ చెప్పింది. భుజాన తంబురా, వేళ్లకు అందెలు, పక్కన గుమ్మెటలు కొట్టే వంతలు, అందరూ ఆడవాళ్లే! కాలికి గజ్జెకట్టి నడివీధిలో కథ చెప్పే ఇల్లాలిని ఆనాటి ఊరు ఎలా చూసి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పోరాటం మీదే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

ఇక చాకలి ఐలమ్మ. ఆమె ఊరు పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లాలోదే. ఆమె కౌలుకు చేసిన పొలం మీద విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కన్నుపడింది. దొర మనుషులు కోతకు వస్తే, ఆంధ్రమహాసభ సంఘం కార్యకర్తలు గుతప కర్రలతో వాళ్లను తరిమి పంటను ఐలమ్మ ఇంటికి చేర్చారు. నాటకానికి ఇంతకంటే ఏం కావాలి? 2024 సెప్టెంబరు 10న, ఆమె వర్ధంతి నాడు, రవీంద్రభారతిలో ఐలమ్మ మీద అలేఖ్య పుంజాల నృత్యరూపకం ప్రదర్శించారు. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ముఖ్యమంత్రి ప్రకటించిందీ ఆ వేదిక మీదే.

బాగుంది కానీ, మన వేదికలు ఎప్పుడూ పంట ఇల్లు చేరగానే తెర దించేస్తాయి. 1951లో పోరాటం విరమించాక అడవి నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ల గతేమిటి? తుపాకీ పట్టిన చేతులకు మళ్లీ గరిటే దక్కింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో వాళ్లు తమ నోటితోనే ఈ మాటలు చెప్పుకున్నారు. ఒక్కొక్కరి కథ ఒక్కో ఏకపాత్రకు సరిపోతుంది. గెలుపు కంటే ఈ భాగమే నటికి అసలు పరీక్ష అని నా నమ్మకం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల నాటక బృందాలు ఆ పుస్తకం తెరవాలి. తొలి ప్రదర్శన హైదరాబాదులో కాదు, పాలకుర్తిలో, కరివిరాల కొత్తగూడెంలో వేయాలి.