కోరాపుట్టు, రాయగడ సీమల బాటలు: పెరికెద్దు మొదలు విద్యుద్రైలు వరకు

తూర్పుకనుమల నడుమనున్న కోరాపుట్టు, రాయగడ సీమల చరిత్రను జయపురము రాజుల వంశక్రమమును బట్టి వ్రాయుట పరిపాటి. బాటలను బట్టి వ్రాసినచో అదే చరిత్ర మరొక రీతిని గోచరించును. ఏ బాట ఎవరి కొరకు పడినది, దానిపై ఏ సరకు ఏ దిక్కునకు సాగినది, బాటప్రక్క ఊరివారికి దానివలన దక్కినదేమి అను మూడు ప్రశ్నలు అట్టి పరిశీలనకు ఆధారములు. ప్రకృతికి చెరుపు చేయని రాకపోకలను గూర్చి లోకమంతట చర్చ సాగుచున్న ఈ కాలమున ఈ ప్రశ్నలకు విలువ హెచ్చినది.

1936 ఏప్రిల్ 1వ తేదీన ప్రత్యేక ఒడిశా రాష్ట్రము ఏర్పడువరకు ఈ సీమలు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో, జయపురము జమీందారీలో చేరియుండెను. కొండలపై ఉప్పు పుట్టదు. సముద్రతీరమున పండిన ఉప్పును బంజారాలు ఎద్దులపై వేసికొని సాలూరు మీదుగా కనుమలెక్కి జయపురమునకును, అటుపైన బస్తరునకును చేర్చుచుండిరి. మరలునపుడు కొండసీమ ధాన్యమును దింపుచుండిరి. ఎద్దు వీపున ఇరుప్రక్కల వ్రేలాడు గోనెమూటను తెలుగున పెరిక యందురు. దానిని మోయునది పెరికెద్దు. బండ్లబాట లేనిచోటను అది నడచును. దారిలోని గడ్డియే దానికి మేత. ఆ వర్తకమున పైకి పోవు సరకును క్రిందికి వచ్చు సరకును ఇంచుమించు సమముగ నుండుట గమనింపదగిన విషయము.

ఈ ఏర్పాటునకు సంత తోడయ్యెను. ఒక్కొక్క ఊరికి వారములో ఒక్కొక్క దినము చొప్పున సంత కూడుటచే వర్తకుడు ఊరూర తిరుగును. కొండవాడు కావడి భుజమున వేసికొని తనకు దగ్గరి సంతకు నడచిపోయి ప్రొద్దుక్రుంకులోపల ఇల్లు చేరును. దూరమును తగ్గించుటకు క్రొత్త వాహనము అవసరము కాలేదు. అంగడియే మనుష్యునకు సమీపించెను. ఈ సంతలు నేటికిని సాగుచున్నవి.

అయినను పూర్వకాలమంతయు సుఖమయమని తలంపరాదు. ఏజెన్సీ ప్రాంతములలో మనుష్యుల భుజములే దొరల సామానులకు వాహనములైన దినములు కలవు. నాటి విశాఖ ఏజెన్సీలోనే, దక్షిణమున గూడెము ప్రాంతమున, ఘాటీరోడ్డు పనికై డిప్యూటీ తహశీల్దారు బాస్టియను కొండవారిచే తగిన కూలి నీయక పనిచేయించెను. 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు ఆ అన్యాయము ఒక ముఖ్యకారణము. అడవిలో పడిన బాట అడవివాని మేలుకొరకే పడినదని అనుకొనరాదనుటకు ఇది నిదర్శనము.

పిమ్మట రైలు వచ్చెను. విజయనగరమునుండి పార్వతీపురము, రాయగడల మీదుగా రాయపూరునకు పోవు మార్గమును బెంగాలు నాగపూరు రైల్వేవారు 1931లో పూర్తిచేసిరి; 1933లో విశాఖపట్టణపు ఓడరేవు తెరువబడెను. మధ్యరాష్ట్రముల సరకును సముద్రమునకు చేర్చుట ఆ రెండింటి ప్రయోజనము. 1960 దశకమున బైలదిలా ఇనుపరాతిని జపానునకు ఎగుమతి చేయుటకై కొత్తవలస-కిరండోలు మార్గము కోరాపుట్టు మీదుగా నిర్మితమయ్యెను. అది అరకు సమీపమున సిమిలిగుడ వద్ద సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తునకు ఎక్కి, పెక్కు సొరంగములు దాటి మైదానమునకు దిగును. కోరాపుట్టు-రాయగడల నడుమ సుమారు 164 కిలోమీటర్ల మార్గము 1998 నాటికి పూర్తియయ్యెను. ఆ దారిలోనిదే అల్యూమినా కర్మాగారము గల దామంజోడి.

కిరండోలు మార్గము 1980 దశకపు తొలినాళ్లలోనే విద్యుదీకరింపబడెను. బరువుబండి ఘాటీ దిగునపుడు దాని వేగమును అదుపుచేయుచునే విద్యుత్తును పుట్టించి తంతులకు తిరిగి పంపగల యింజన్లు నేడు కలవు. డీజిలు లారీలకంటె ఇది ఎంతయు మేలైన సాధనమనుట నిస్సంశయము. కాని సాధనము శుభ్రమైనంతమాత్రమున ప్రయాణము శుభ్రము కాదు. రాయి దిగిపోయి, వట్టి పెట్టెలు ఎక్కివచ్చు మార్గమున పూర్వపు పెరికెద్దు బాటనాటి సమత్వము లేదు. అదే మార్గము కొండవారిని విశాఖ ఆసుపత్రులకును కళాశాలలకును చేర్చుచున్నదనుట నిజమే. అయితే ఆ మేలు దాని తొలి ఉద్దేశము కాదు.

ఈ చరిత్రలో 2013వ సంవత్సరము ఒక మలుపు. నియమగిరిపై బాక్సైటు త్రవ్వవలెనా వలదా అను విషయమున గ్రామసభల అభిప్రాయము తీసికొనవలెనని ఆ యేడు ఏప్రిలు 18న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు, వెరసి పండ్రెండు గ్రామసభలును వలదనియే తేల్చెను. కొండను ఏమి చేయవలెనని కొండవారిని అడుగుట సాధ్యమేయని, అడిగినచో వారు స్పష్టముగ చెప్పగలరని దీనివలన రుజువయ్యెను.

గనుల విషయమున అడిగిన ప్రశ్నను బాటల విషయమునను అడుగవలసియున్నది. కోరాపుట్టు సంప్రదాయ వ్యవసాయమును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వముగ గుర్తించెను. ఆ వారసత్వమైన చోళ్లు, సామలు, దేశవాళీ వడ్లు నేటికిని పలువురు స్త్రీల తలలమీదనే సంతకు చేరుచున్నవి. 2023లో ఒడిశా ప్రభుత్వము పల్లెలను పట్టణములతో కలుపుటకు ఆరంభించిన లక్ష్మీ బస్సు పథకము ఈ దక్షిణ జిల్లాలకు వచ్చుట మంచి ప్రారంభము. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజనుకు శంకుస్థాపన జరిగెను. ఈ రెండింటికిని వేళలు నిర్ణయించునపుడు సంత దినములను లెక్కింపవలెను, బస్సు ఎచ్చట నిలువవలెనో గ్రామసభను అడుగవలెను, గంపలకు చోటుంచవలెను. పట్టణమున కాలినడకవారికిని సైకిలువారికిని నిరపాయమైన దారి విడువవలెను.

రాయి ఎన్ని టన్నులు దిగినదో లెక్క వ్రాయువారు మొదటినుండియు కలరు. చోళ్లగంపతో సంతకు బయలుదేరిన స్త్రీ ఎన్ని మైళ్లు నడువవలసి వచ్చినదో, చీకటి పడకముందే ఇల్లు చేరినదో లేదో వ్రాయు లెక్క ఇకనైనను మొదలుకావలెను. ఈ సీమల బాటల బాగోగులు తేలుట ఆ లెక్కలోనే.