మార్కెట్ వచ్చాక అందిన బియ్యం: రష్యా, బస్తర్

జీఎస్ పేపర్ 1 సిలబస్‌లో కమ్యూనిజం, పెట్టుబడిదారీ విధానం, సోషలిజం, సమాజంపై వాటి ప్రభావం అని ఒక లైన్ ఉంటుంది. దానికి మనలో చాలామంది రష్యా ఒక్కటే రాసి వచ్చేస్తాం. నేనూ అంతే. కానీ పక్కనే ఉన్న బస్తర్‌ను కలిపి చూడండి, జవాబు మారిపోతుంది.

ముందు రష్యా. సోవియట్ కాలంలో ఇల్లు, పిల్లల బడి, క్లినిక్ చాలాచోట్ల ఫ్యాక్టరీయే ఇచ్చేది. 1992లో ధరల నియంత్రణ ఎత్తేశారు, అదే ఏడాది వోచర్లతో ప్రైవేటీకరణ మొదలైంది. ఫ్యాక్టరీలు ఈ ఖర్చులు వదిలించుకుంటే, అవి వచ్చిపడ్డ మున్సిపాలిటీల దగ్గర డబ్బుల్లేవు. మగవాళ్ల సగటు ఆయుర్దాయం 1991లో 63 ఏళ్లు దాటి ఉండేది, 1994కి 58 కంటే తగ్గింది. (మద్యం లాంటి కారణాలూ ఉన్నాయి, మొత్తం ప్రైవేటీకరణ మీదే వేసేయకండి.)

ఇక బస్తర్. మన ప్రభుత్వ రంగానికి బైలాడిలా మంచి ఉదాహరణ. 1958లో పెట్టిన ఎన్‌ఎండీసీ (హెడ్డాఫీసు మన మాసబ్ ట్యాంక్‌లోనే) 1968 నుంచి అక్కడ ఇనుప ఖనిజం తీస్తోంది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో అది విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు వెళ్లేది. కిరండూల్, బచేలీ టౌన్‌షిప్పుల్లో క్వార్టర్లు, ఆసుపత్రి, స్కూలు. చూడ్డానికి సోవియట్ ఫ్యాక్టరీ ఊరే. కాకపోతే ఆ సౌకర్యాలు ప్రధానంగా ఉద్యోగుల కోసం. కొండ కింద గోండు రైతుకు తెలిసిన ప్రభుత్వం వేరు: ఫారెస్ట్ గార్డు, 1964 మధ్యప్రదేశ్ చట్టంతో తునికాకు వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్న సర్కారు.

రేషన్ అప్పుడూ ఉంది, కానీ అది గట్టిపడింది 1991 సంస్కరణల తర్వాత చాలా ఏళ్లకు. 2004లో ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు డీలర్లను తప్పించి రేషన్ దుకాణాలను పంచాయతీలకు, సహకార సంఘాలకు, మహిళా సంఘాలకు అప్పగించింది. 2012 డిసెంబరులో, కేంద్రం కంటే ముందే, సొంత ఆహార భద్రతా చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం అప్పట్లో పేద కుటుంబానికి నెలకు 35 కిలోలు, కిలో రూపాయికో రెండు రూపాయలకో ఇచ్చేవారు. ఆ బియ్యం ఎక్కడివి? ప్రభుత్వం మద్దతు ధరకు కొనే వడ్లవి. అంటే రేషన్ ఆపితే కార్డున్నవాళ్లతో పాటు వడ్లు అమ్మే రైతూ రోడ్డెక్కుతాడు. ఇద్దరికీ ఓటుంది. రష్యా ఫ్యాక్టరీ క్లినిక్‌కు ఇలాంటి కాపలా లేదు. నా లెక్కలో ఈ పోలికలో అసలు పాయింట్ ఇదే.

అలాగని పొగిడి వదిలేయకండి. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని క్యాంపుల్లో పెట్టారు, వేలమంది మన ఖమ్మం అడవులకు వచ్చేశారు. ఊరు వదిలినవాళ్లకు అక్కడి రేషన్ కార్డు అప్పట్లో ఇక్కడ పనికిరాలేదు.

ఇప్పుడు జగదల్‌పూర్ దగ్గర నగర్నార్ ఉక్కు కర్మాగారం ఉంది. ఎన్‌ఎండీసీ కట్టింది, 2023 అక్టోబరు 3న ప్రధాని జాతికి అంకితం చేశారు. దాన్ని అమ్మాలన్న నిర్ణయం 2020లోనే జరిగింది. అమ్మితే రష్యా ప్రశ్న అక్కడి కార్మికులకు ఎదురవుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో రేషన్ బియ్యం మాత్రం ఆ ఫ్యాక్టరీ మీద ఆధారపడి లేదు.