మొద్దు తవ్వి తెచ్చిన నాడు

మంటల ఆ రందపొట్టు ఇంకింత వెయ్యి బిడ్డా. మామిడిదే వెయ్యి, టేకుది వద్దు. టేకుల నూనె ఉంటది, బుగ్గున లేసి అంతల్నే ఆరిపోతది. ఆఁ, ఇగ దగ్గరికొచ్చి కూసో.

ఇంటెనక రేకుల షెడ్డుల కట్టెపనికి కొట్టం పెట్టుకుంటనంటివి. కొనాల్సిన సామాన్లు ఫోన్ల సూపెడితివి. కోత మిషను, రంద మిషను, డ్రిల్లు, ఇంకేందేందో. సంబురమే అయింది నాకు. మన ఇంట్ల మల్ల ఉలి సప్పుడు ఇనబడుతదంటే అంతకంటే ఏం గావాలె. కని మా నాయిన కొట్టం ఎట్ల పెట్టిండో నీకు చెప్పాలె. ఆయన రెండుపార్లు పెట్టిండు.

మొదటిది గోదారి ఒడ్డున మా పాతూర్ల, నేను పుట్టకముందుది. 1963 జులైల నెహ్రూ వచ్చి పోచంపాడు ప్రాజెక్టుకు రాయి ఏసిండు. అప్పుడు నేను పద్నాలుగేండ్ల పోరన్ని. కట్ట లేసుకుంట వస్తుంటే, మునిగే ఊర్ల లెక్కల మా ఊరు గూడ పడ్డది. ఇడిసిపెట్టి పొయ్యే నాడు అందరు దర్వాజలు, దూలాలు, మొగురాలు ఊడబీకి బండ్లకెత్తుతున్నరు. నాయిన మాత్రం గడ్డపార పట్టుకొని కొట్టంల మొద్దు సుట్టు తవ్వుతున్నడు.

చింత మొద్దు అది. భూమి మీద మోకాలెత్తు, భూమిల గూడ అంతే. కటికోల్లు గూడ చింత మొద్దే పెట్టుకుంటరు సూడు, దాని నార అటిటు అల్లుకొని ఉంటది, ఎంత కొట్టినా చీలది. నాగలి చెక్కినా, బండిగిర్రకు ఆకులు చెక్కినా ఆ మొద్దు మీదనే. కింద కట్టె కదిలితే బాడిస దెబ్బ సగం అండ్లనే పోతది. నువ్వు చేయించుకునే బెంచి గూడ అంతే బిడ్డా. రంద తోసినప్పుడు ఊగిందంటే అది బెంచి గాదు. నిలవడి చేతులు కిందికి ఇడిస్తే మణికట్టు కాడికి రావాలె దాని ఎత్తు. మీదికైతే భుజాలు గుంజుతయి, కిందికైతే నడుం పోతది.

కొత్తూర్ల ఇంటికి కప్పు పడకముందే యాపచెట్టు కింద మొద్దు పాతిండు నాయిన. ఊరంత ఇండ్లు కట్టుకుంటుంది, అందరికి దర్వాజలు గావాలె. సామానేమున్నది? ఒక బాడిస, రెండు రంపాలు, నాలుగు ఉలులు, రెండు రందలు, బర్మ, గునియ, సుత్తె. గంతే. 12 ఆకులు, 6 పూటీల బండిగిర్ర గూడ వాటితోనే తయారయ్యేది. ఏ పనికి ఏది లేక చెయ్యి ఆగిందో, ఆ పని పైసలతోనే అది కొనేటోడు. ఉలుల్ల ఒకదాని మీద షెఫీల్డు అని ముద్ర ఉండె. తక్కినవి లారీ కమాను పట్టీలు తెచ్చి కమ్మరి కొలిమిల కొట్టించినవి. మన దిక్కు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా దేశం నుంచి బేరగాండ్లు వచ్చేటోళ్ళు, తెలుసా? అసొంటి నేల మనది. ఇనుము మంచిదా కాదా అన్నది ఇక్కడ చిన్నపోరలకు గూడ సప్పుడు ఇంటే తెలిసేది.

నన్ను పనిల పెట్టినప్పుడు ఆరు నెలలు కట్టె ముట్టనియ్యలేదు. రాయి కాడనే కూసోబెట్టిండు. నూనె సుక్క ఏసి, ఉలి వాలు మొత్తం రాయికి ఆనేటట్టు పట్టి, ఊగకుండ ముందుకు ఎనకకు నూరాలె. నూరంగ నూరంగ అంచు అవతలి దిక్కు సన్నటి పొర లేస్తది. కంటికి కనబడది, బొటనవేలు అడ్డంగ ఆనిస్తే గరుకుగ తగులుతది. ఆ పొర వచ్చిందాక ఆగొద్దు. వచ్చినంక ఉలి బోర్లేసి రెండుపార్లు తియ్యి, తోలు మీద రుద్దు. ముంజేతి మీద ఆనిస్తే వెంట్రుకలు రాలాలె. ఇదిగో, ఈ మచ్చ సూడు. మొద్దుబారిన ఉలి మీద బలమంత పెట్టి తోస్తే జారి దిగింది. పదునున్నదానికి అంత బలం అక్కర లేదు, అది చెప్పినట్టు ఇంటది.

ఇంకొకటి. మా కొట్టంల మట్టినేల. చేతుల నుంచి ఉలి జారి పడ్డా మొన చెడేది కాదు. నీ షెడ్డుల బండలు పరిసినవ్, బెంచి ముందు చెక్క పలకలన్న పరువు. కాళ్ళకు గూడ సుఖం. కిటికీ ఎడమ దిక్కు పెట్టించు. కుడిచేతి వాటమోనివి, నీ చెయ్యి నీడ నీ గీత మీదనే పడొద్దు.

కట్టె సంగతికొస్తే నాకు ఇప్పటికీ బాధయితది. నాయిన ఊరికి పోయినప్పుడు, ఒకాయన తొందర పెడితే పచ్చి మద్దితోనే తలుపులు చేసిచ్చిన. కుసులు బెజ్జాలల్ల బిగ్గట్ట కూసున్నయని మురిసిన. ఎండాకాలం రాంగనే పలకల నడుమ రూపాయి బిళ్ళ పట్టేంత సందు పడ్డది. నాయిన ఒక్క మాట అనలేదు. ఎండిన టేకు తీసి, ఆ ఇంటికి కొత్త తలుపులు ఒక్క పైస తీసుకోకుండ చేసిచ్చిండు. ఆ యేడు మాకు గింజలు తక్కువైనయి. అంగుళం మందం పలక నీడల ఆరాల్నంటే దగ్గెర దగ్గెర ఏడాది పడుతది. నడుమ నడుమ సన్న పుల్లలు పెట్టి పేర్చాలె, గాలి ఆడాలె. కొసలకు రంగు పుయ్యాలె, లేకుంటే అక్కడ్నే పగులుతది. మిషన్ల కోసం పెట్టుకున్న జాగల సగం కట్టె ఆరబెట్టుడికి ఇయ్యి బిడ్డా, నా మాటిను.

మిషన్లు వద్దనను. నిలువు కోతకు ఇద్దరం పొద్దంత రంపం గుంజేది నిమిషంల అయితది. కని కోత మిషను ముందట కండువ, పొడుగు చేతుల అంగి ఉండొద్దు. దానికి కరెంటు తీగ ఏరే గుంజించు, ఎర్తింగు ఇప్పించు. పొట్టు ఊపిరిలకు పోకుండ మూతికి కట్టుకో. కోసేటప్పుడు ఎవ్వరితోని మాట్లాడకు.

ఈ రంద పట్టుకొని సూడు. ఇనుము నాయినది, కట్టె నేను చెక్కింది. అరిగినప్పుడల్ల మారుస్తనే ఉన్న, ఇది మూడోది. నీ చెయ్యి నాకన్న పెద్దది, ఇది నీకు ఇరుకైతది. అటక మీద తుమ్మ ముక్కొకటి ఉన్నది, నాలుగేండ్ల సంది ఆరుతున్నది. తెల్లారినంక దించుకో.